ఫిట్స్ ఆగాయని మందు ఆపవచ్చా? పశువైద్యుని జవాబులు

కుక్కకు ఒక్కసారి ఫిట్స్ వచ్చినంత మాత్రాన జీవితాంతం మందులు వాడాల్సిన పని లేదనీ, మళ్లీ మళ్లీ వస్తున్నప్పుడే ఆ ఆలోచన చేయాలనీ రెండు సంచికల కిందట ఈ శీర్షికలో క్లుప్తంగా రాశాను. ఆ తరువాత నల్లగొండ, సూర్యాపేట జిల్లాల నుంచీ, ఉమ్మడి పాలమూరు ప్రాంతం నుంచీ వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఆ మళ్లీ మళ్లీ వచ్చే ఫిట్స్ గురించినవే. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబు ఇస్తున్నాను. ఇందులో రాసిన మందుల మోతాదులు మీరు మీ వైద్యునితో తెలిసి మాట్లాడడానికి ఉపయోగపడాలని రాసినవే తప్ప, ఆయనను అడగకుండా మొదలుపెట్టడానికి కావు. మూర్ఛకు ఎక్కువగా వాడే ఫినోబార్బిటోన్ వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మందు.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు మూడున్నరేళ్లు, బరువు ముప్పై కిలోలు. ఏడాదిన్నర కిందట ఫిట్స్ మొదలైతే డాక్టరు గారు ఫినోబార్బిటోన్ ఉదయం, సాయంత్రం వేయమన్నారు. నాలుగు నెలలు ఒక్కసారి కూడా రాకపోవడంతో నయమైందనుకుని మాత్రలు ఆపేశాం. వారం తిరగకముందే ఒకే రోజు నాలుగుసార్లు ఫిట్స్ వచ్చాయి. మా బంధువు ఒకరు తన మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ ఇస్తే అదీ కొన్నాళ్లు వేశాం. ఇప్పుడు మళ్లీ పాత మందే 30 మి.గ్రా. మాత్ర రాత్రిపూట ఒకటి వేస్తున్నాం. అయినా నెలకు రెండుసార్లు వస్తూనే ఉంది. ఆ మందు పనిచేయడం మానేసిందా? పూర్తిగా నయమయ్యే దారి లేదా?
— మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మందు పనిచేయడం మానేయలేదు, దానికి పనిచేసే అవకాశమే మీ కుక్క ఒంట్లో ఇప్పుడు లేదు. మీ ఉత్తరంలో మూడు వేర్వేరు పొరపాట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి కాబట్టి వాటిని విడదీసి చెప్తాను.

మొదటిది హఠాత్తుగా ఆపడం. ఆరు నెలల వయసు నుంచి ఆరేళ్ల లోపు మొదలై, రక్తపరీక్షల్లోనూ నరాల పరీక్షలోనూ ఏ లోపమూ కనిపించని మూర్ఛ చాలావరకు పుట్టుకతో మెదడులో ఉన్న స్వభావం వల్ల వచ్చేది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, బీగిల్ వంటి జాతుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, మన ఊరకుక్కలకు రాదని మాత్రం కాదు. ఫినోబార్బిటోన్ ఆ స్వభావాన్ని తీసివేయదు, అణచి ఉంచుతుంది. మీరు చూసిన ఆ నాలుగు నెలల ప్రశాంతత మందు పని చేసిందనడానికి గుర్తు, జబ్బు పోయిందనడానికి గుర్తు కాదు. పైగా రోజూ ఆ మందుకు అలవాటుపడిన మెదడుకు ఒక్కసారిగా దాన్ని అందకుండా చేస్తే, మందు మొదలుపెట్టక ముందు కంటే తీవ్రంగా, వరుసగా ఫిట్స్ వస్తాయి. ఒకే రోజు నాలుగుసార్లు రావడానికి కారణం అదే అయి ఉండాలి.

రెండవది ఫెనిటాయిన్. మనుషులలో ఎంతో కాలంగా వాడుతున్న మంచి మందే కానీ, కుక్క శరీరం దాన్ని చాలా వేగంగా విసర్జిస్తుంది కాబట్టి రక్తంలో సరిపడా నిలవదు. మనుషుల మూర్ఛకే వాడే కార్బమాజిపిన్, వాల్‌ప్రోయేట్ సంగతీ దాదాపు అంతే. మనిషికి పనిచేసింది కదా అని ఇంట్లో ఉన్న మాత్ర కుక్కకు వేయడం వల్ల ఆ కొన్ని వారాలూ మీ కుక్క మందు లేకుండా ఉన్నట్టే లెక్క.

మూడవది మోతాదు. కుక్కలకు ఫినోబార్బిటోన్ సాధారణంగా కిలో బరువుకు 2.5 నుంచి 3 మి.గ్రా. చొప్పున, పన్నెండు గంటలకు ఒకసారి ఇస్తారు. ముప్పై కిలోల మీ లాబ్రడార్‌కు ఒక్కో పూటకు 75 నుంచి 90 మి.గ్రా. కావాలి. అంటే రోజుకు 150 మి.గ్రా. కంటే తగ్గకూడని చోట 30 మి.గ్రా. మాత్రమే పడుతోంది. చిన్నపిల్లలకు ఇచ్చే మోతాదుతో పోల్చి చూసి పెద్ద మోతాదుకు భయపడే యజమానులను నేను తరచుగా చూస్తుంటాను. కుక్క కాలేయం ఈ మందును మనిషి కంటే త్వరగా అరిగిస్తుంది, రోజులు గడిచేకొద్దీ ఇంకా వేగంగా అరిగించడం నేర్చుకుంటుంది. అందువల్ల మొదట సరిపోయిన మోతాదు కొన్ని నెలల తరువాత చాలకపోవడమూ సహజమే.

మీరిప్పుడు చేయవలసింది వైద్యుని వద్దకు వెళ్లి సరైన మోతాదులో, రోజుకు రెండు పూటలా మళ్లీ మొదలుపెట్టడం. రక్తంలో మందు స్థిరపడడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి ఆ లోపల ఫిట్స్ వస్తే మందు విఫలమైందని తీర్మానించకండి. రెండు వారాల తరువాత రక్తంలో ఫినోబార్బిటోన్ ఎంత ఉందో పరీక్ష చేయించండి. మిల్లీలీటరుకు 15 నుంచి 40 మైక్రోగ్రాముల మధ్య ఉండాలన్నది సాధారణ కొలత అయినా, 35 దాటితే కాలేయానికి ముప్పు పెరుగుతుంది కనుక చాలామంది వైద్యులు దానికి లోపలే ఉంచడానికి ప్రయత్నిస్తారు. మనుషుల రక్తం పరీక్షించే పెద్ద ల్యాబులు కూడా ఈ పరీక్ష చేయగలవు. మీ దగ్గర వైద్యుడు నమూనా తీసి పంపితే చాలు, కుక్కను హైదరాబాదుకు తీసుకుపోవాల్సిన పని లేదు.

పూర్తిగా నయమవుతుందా అన్న ప్రశ్నకు నిజం చెప్పడమే మంచిది. ఫిట్స్ ఇక ఎప్పటికీ రాకుండా చేయడం కొన్ని కుక్కల్లోనే సాధ్యమవుతుంది. నెలకు రెండుసార్లు వచ్చేది మూడు నెలలకు ఒకసారికి, అదీ తక్కువసేపు ఉండేలా తగ్గితే ఆ చికిత్స ఫలించినట్టే. ఒకటి రెండేళ్లు ఒక్కసారి కూడా రాకుండా ఉంటే మోతాదు తగ్గించే ఆలోచన చేయవచ్చు. అదీ నెలకు ఐదో వంతు మించకుండా, వైద్యుని కనుసన్నల్లో. నాలుగు నెలలకు కాదు.

ప్రశ్న: చెరువుగట్టు జాతరకు ఇంటిల్లిపాదీ వెళ్లి రెండు రోజులు అక్కడే ఉండిపోయాం. కుక్కకు అన్నం పెట్టమని పక్కింటివాళ్లకు చెప్పాం కానీ మాత్ర మాట మరిచాం. వచ్చేసరికి ఫిట్స్‌లో ఉంది. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు మాత్రలు వేయవచ్చా?
— నార్కట్‌పల్లి

జవాబు: వేయకూడదు. గుర్తుకు వచ్చిన వెంటనే ఆ పూట మాత్ర వేసి, తరువాతి పూట మామూలు వేళకే వేయండి. రెండు కలిపి వేస్తే కుక్క మత్తుగా, తూలుతూ ఉంటుంది. జాతరలు, పెండ్లిళ్లు, బోనాలు వచ్చినప్పుడే మందు తప్పడం నా అనుభవంలో ఎక్కువ. వారానికి పద్నాలుగు గళ్లున్న మాత్రల డబ్బా మందుల దుకాణంలో దొరుకుతుంది. ఆదివారం నింపి పెడితే పూట తప్పిందో లేదో డబ్బానే చెప్తుంది, పక్కింటివారికి అప్పగించడమూ తేలిక. బెల్లం ముక్కలోనో, ఉప్పు వేయని అన్నం ముద్దలోనో పెట్టి ఇవ్వండి, మింగిందాకా దగ్గరే నిలబడండి. నోట్లో దాచుకుని తరువాత మంచం కింద ఉమ్మేసే కుక్కలున్నాయి.

ప్రశ్న: మాది మక్తల్ దగ్గరి ఊరు, గొర్రెల కాపరులం. ఎండకాలం మంద తోలుకుని నెలల తరబడి ఊళ్ల మీద తిరుగుతాం. మంద కాసే కుక్కకు ఈమధ్య రెండు మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని మా పెద్దాయన నుదుట వాత పెట్టించాడు. మళ్లీ వచ్చింది. మేము తిరిగే తీరుకు మందులు సాగుతాయా?
— ఒక యువ కాపరి, నారాయణపేట జిల్లా

జవాబు: వాత గురించి ముందు చెప్పి తరువాత మిగతాది చెప్తాను. ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తానే ఆగిపోతుంది. అదే సమయంలో వాత పెడితే వాత వల్లే ఆగినట్టు కనిపిస్తుంది. పెద్దాయన మాట తప్పని ఆయనతో వాదించనక్కర లేదు, మళ్లీ వచ్చిన సంగతి ఆయనా చూశారు కదా. కాలిన పుండుకు ఎండకాలంలో ఈగలు ముసిరి పురుగు పడితే అది ఇంకో జబ్బు అవుతుంది.

మీ విషయంలో మాత్రలకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. మంద పత్తి చేల వెంట, కూరగాయ తోటల వెంట నడుస్తుంది. పురుగుమందు కొట్టిన చేలో నీళ్లు తాగినా, మందు డబ్బా నాకినా, ఎలుకలకు పెట్టిన విషపు ఎర తిన్నా ఫిట్స్ వస్తాయి. విషం అయితే నోటి నుంచి చొంగ ఆగకుండా కారడం, విరేచనాలు, కండరాలు అదురుతూనే ఉండడం, కంటిపాప సూదిమొనంత అవడం వంటివి కనిపిస్తాయి. మందలోని రెండో కుక్కకూ అదే రోజు వస్తే విషమేనని అనుకోండి. మూర్ఛ జబ్బులో అయితే ఒక ఫిట్స్‌కూ మరొక ఫిట్స్‌కూ నడుమ కుక్క మామూలుగా ఉంటుంది, తింటుంది, మంద కాస్తుంది.

రెండవది పిచ్చికుక్క వ్యాధి. రేబిస్ టీకా వేయించని కుక్క తీరు మారి, దవడ వేలాడి, మింగలేక, అకారణంగా కరవబోతూ, దానితోపాటు ఫిట్స్ కూడా వస్తే అది రేబిస్ కాదని తేలేవరకు దాన్ని ముట్టుకోకండి. కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా పదిహేను నిమిషాలపాటు పారే నీళ్లతో, సబ్బుతో కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. మీ కుక్కకు చాలా వారాలుగా ఫిట్స్ వచ్చిపోతూ, మధ్యలో ఆరోగ్యంగా ఉంటోందంటే రేబిస్ అయ్యే అవకాశం తక్కువ. రేబిస్ లక్షణాలు మొదలైన కుక్క కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. ఏమైనా టీకా మాత్రం వేయించండి.

ఈ రెండూ కాదని తేలితే మందులు మీకూ సాగుతాయి. మందు ఎంచుకునేటప్పుడు దాని బలం ఎంత ముఖ్యమో, అది ఇంటి నడవడికకు సరిపోవడమూ అంతే ముఖ్యమని నా అభిప్రాయం. లెవెటిరాసెటామ్ కాలేయానికి భారం కాని మంచి మందే, కానీ మామూలు మాత్ర అయితే ఎనిమిది గంటలకు ఒకసారి, రోజుకు మూడుసార్లు తప్పకుండా వేయాలి. మంద వెంట నడిచే మీకు అది సాగదు. పొద్దున మంద లేపే ముందు ఒకసారి, పొద్దుగూకి దొడ్డి కట్టాక ఒకసారి వేయగలిగిన ఫినోబార్బిటోన్ మీకు తగినది. ఫోనులో రెండు అలారాలు పెట్టుకోండి. ఊరు విడిచే ముందు వైద్యునితో చెప్పి దారిలో తక్కువ పడకుండా సరిపడా రాయించుకోండి. కొత్త ఊళ్లో చీటీ లేకుండా ఎవరూ ఇవ్వరు. మాత్రలను మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచి, ఎండ తగలకుండా బట్టల మూట నడుమ పెట్టండి. చెరువులో, వాగులో గొర్రెలను కడిగేటప్పుడు ఆ కుక్కను నీళ్లలోకి దించకండి. నీళ్లలో ఉండగా ఫిట్స్ వస్తే మునిగిపోతుంది.

ప్రశ్న: ఫిట్స్ వస్తున్నప్పుడు తాళం చెవుల గుత్తి కాలి దగ్గర పెట్టాలనీ, ఉల్లిగడ్డ వాసన చూపించాలనీ అంటారు. నాలుక కరుచుకోకుండా నోట్లో చెంచా పెట్టబోతే మా అబ్బాయి వేలు తెగింది. అసలు ఆ సమయంలో ఏం చేయాలి?
— జడ్చర్ల

జవాబు: ఇనుముకూ ఉల్లిగడ్డకూ ఫిట్స్ ఆపే శక్తి లేదు. పైగా ఉల్లిగడ్డ కుక్క తింటే దాని ఎర్రరక్తకణాలు దెబ్బతింటాయి. కుక్క తన నాలుకను మింగేయదు, అంచు కొద్దిగా కొరుక్కున్నా అది మానిపోతుంది. నోట్లో చెయ్యి గానీ, చెంచా గానీ, నీళ్లు గానీ పెట్టకండి. ఆ సమయంలో అది ఎవరినీ గుర్తుపట్టదు, దవడ దాని స్వాధీనంలో ఉండదు.

ముందు గడియారం చూడండి. తరువాత మెట్లు, బావి గట్టు, నీళ్ల తొట్టి, బల్ల మూలల దగ్గర నుంచి నడుము పట్టుకుని పక్కకు జరపండి, తల కింద గోనెసంచి మడిచి పెట్టండి, టీవీ ఆపి, లైటు తగ్గించి, పిల్లలను దూరంగా పంపండి. ఇంట్లో మరో కుక్క ఉంటే దాన్ని కట్టేయడం మరిచిపోవద్దు, పడి కొట్టుకుంటున్న కుక్క మీద రెండో కుక్క దాడి చేయడం అరుదు కాదు. ఒకరు చూసుకుంటుండగా మరొకరు ఫోనులో వీడియో తీయండి. మీరు పది వాక్యాల్లో చెప్పలేనిది ఆ అర నిమిషం వీడియో వైద్యునికి చెప్తుంది. గుండె జబ్బుతో సొమ్మసిల్లిన కుక్కనూ, చెవి లోపలి సమతుల్యత చెడి తూలే కుక్కనూ ఫిట్స్ అని తీసుకువచ్చినవారు చాలామంది ఉన్నారు.

సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో ఆగుతుంది. ఐదు నిమిషాలు దాటినా, ఒక దాని నుంచి తేరుకోకముందే రెండోది మొదలైనా, ఇరవైనాలుగు గంటల్లో రెండు కంటే ఎక్కువ వచ్చినా అది అత్యవసర పరిస్థితి, అర్ధరాత్రి అయినా బండి కట్టవలసిందే. కండరాలు అంతసేపు బిగుసుకుంటే ఒంట్లో వేడి ప్రమాదకరంగా పెరుగుతుంది. మన దగ్గర మే నెలలో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ వేడికి ఈ వేడి తోడవుతుంది. దారిలో పొట్ట మీద, పంజాల మీద మామూలు నీళ్లతో తడిపిన గుడ్డ వేసి గాలి తగలనివ్వండి. మంచుగడ్డలు వద్దు.

వరుస ఫిట్స్ వచ్చే అలవాటున్న కుక్కకు ఇంట్లోనే వాడే అత్యవసర మందు గురించి మీ వైద్యునితో ముందుగానే మాట్లాడండి. డయాజిపామ్ ఇంజెక్షన్ మందును సూది తీసేసిన సిరంజికి మెత్తని చిన్న గొట్టం తగిలించి మలద్వారం ద్వారా ఎక్కిస్తారు. కిలో బరువుకు 1 మి.గ్రా., ఫినోబార్బిటోన్ వాడుతున్న కుక్కకు 2 మి.గ్రా. వరకు ఇస్తారు. ఆ మందును ముందే సిరంజిలోకి తీసి ఉంచకూడదు. ప్లాస్టిక్ దాన్ని పీల్చుకుంటుంది, వెలుతురు పాడు చేస్తుంది. మిడజోలామ్‌ను ముక్కులో స్ప్రే చేయడం ఇంకా సులువైన పద్ధతి. ఈ రెండూ అప్పటికి ఫిట్స్ ఆపడానికే. డయాజిపామ్‌ను రోజూ నోటి ద్వారా ఇస్తే కుక్కలు త్వరగా అలవాటుపడి ప్రయోజనం పోతుంది.

ఆగిన తరువాత కాసేపు, ఒక్కోసారి రోజంతా, కళ్లు కనిపించనట్టు గోడలకు తగులుతూ తిరగడం, విపరీతమైన ఆకలి, యజమానిని చూసి గుర్రుమనడం ఉంటాయి. పూర్తిగా తెలివి వచ్చి, నిలబడి మింగగలిగాకే నీళ్లు పెట్టండి.

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్‌కు ఫినోబార్బిటోన్‌తో చాలక ఆరు నెలలుగా పొటాషియం బ్రోమైడ్ కూడా ఇస్తున్నాం. బరువు ఐదు కిలోలు పెరిగింది, బకెట్టు నీళ్లు తాగుతుంది, వంటింట్లో రొట్టెలు ఎత్తుకుపోతుంది. కార్జం చెడిపోతుందేమోనని భయం. మొన్న ఇంట్లో దావత్ అయ్యాక వారానికే, రెండు నెలలుగా లేని ఫిట్స్ మళ్లీ వచ్చాయి.
— నల్లగొండ పట్టణం నుంచి ఒక గృహిణి

జవాబు: మీ ఉత్తరంలోని చివరి వాక్యమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. బ్రోమైడ్‌ను మూత్రపిండాలు విసర్జిస్తాయి. ఆహారంలో ఉప్పు పెరిగినప్పుడు, ఉప్పులోని క్లోరైడ్‌తోపాటు బ్రోమైడ్ కూడా ఎక్కువగా బయటికి పోయి రక్తంలో దాని మట్టం పడిపోతుంది. దావత్‌లో మిగిలిన మటన్ కూర, ఎముకలు రెండు మూడు రోజులు పెట్టి ఉంటారు. ఉప్పు పూర్తిగా మానేస్తే దీనికి వ్యతిరేకంగా మట్టం పెరిగి మత్తు, వెనక కాళ్లు తూలడం మొదలవుతాయి. అందుకే బ్రోమైడ్ వాడే కుక్కకు ఉప్పు తక్కువా ఎక్కువా అన్నది కాదు ముఖ్యం, రోజూ ఒకే తీరుగా ఉండడం ముఖ్యం. గట్క అయినా, జొన్నరొట్టె మజ్జిగ అయినా, దుకాణంలో కొన్న గింజల మేత అయినా ఒకదానికి కట్టుబడండి. ఊరగాయ రొట్టె, ఎండుచేపలు అసలే వద్దు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే మూడు వారాలకు పైగా పడుతుంది కాబట్టి మొదలుపెట్టాక స్థిరపడడానికి దాదాపు మూడు నెలలు, ఏదైనా మార్పు చేస్తే దాని ఫలితం తెలియడానికీ అంతే కాలం. కొవ్వు మాంసం తిన్న తరువాత వాంతులు, కడుపునొప్పితో నడుము వంచి నిలబడడం కనిపిస్తే క్లోమం వాపు అయి ఉండవచ్చు. బ్రోమైడ్, ఫినోబార్బిటోన్ కలిపి వాడే కుక్కల్లో దాని అవకాశం కొంత ఎక్కువ. మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ మందు దానికి ఎన్నడూ ఇవ్వకండి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఆకలి, దాహం, మూత్రం ఎక్కువ కావడం ఈ మందుల సహజ ప్రభావాలు. నీళ్లు తగ్గించవద్దు. మేతను కొలిచి పెట్టండి, మిగతా ఆకలికి ఉప్పు లేకుండా ఉడికించిన సొరకాయ, బీన్స్, క్యారెట్ కలపండి. కాలేయం గురించి మీ భయం అర్థం లేనిది కాదు కానీ, రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరిగిందని చూసి కంగారు పడనక్కర లేదు. ఫినోబార్బిటోన్ వాడే కుక్కల్లో అది కాలేయం దెబ్బతినకుండానే పెరుగుతుంది. ఆకలి తగ్గడం, వాంతులు, చిగుళ్లు పసుపుపచ్చగా మారడం, రక్తపరీక్షలో ఆల్బుమిన్ అనే ప్రోటీను పడిపోవడం చూస్తే మాత్రం ఆలస్యం చేయకండి. మందు మొదలుపెట్టిన మూడు నెలలకు ఒకసారి, ఆ తరువాత ఆరు నెలలకు ఒకసారి రక్తకణాలు, కాలేయం, మందు మట్టం కలిపి చూపిస్తే సరిపోతుంది. ఇదే కుక్కకు ఎప్పుడైనా థైరాయిడ్ పరీక్ష చేయిస్తే ఫినోబార్బిటోన్ వాడుతున్నట్టు చెప్పండి, ఆ మందు వల్ల అంకె తక్కువగా వస్తుంది.

ప్రశ్న: మా కుక్కకు మూర్ఛ మందు నడుస్తోంది. ఒంటినిండా గోమార్లు. నెలకో మాత్ర వేస్తే పోతాయంటున్నారు. వేయవచ్చా?
— సూర్యాపేట

జవాబు: ఫ్లూరలానర్, అఫోక్సోలానర్, సరోలానర్ అనే మందులున్న మాత్రలు గోమార్లను బాగా చంపుతాయి, ఎక్కువ కుక్కలకు క్షేమకరమైనవే. అయితే ఈ తరగతి మందుల వల్ల కొన్ని కుక్కల్లో వణుకు, ఫిట్స్ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరిక ఇచ్చింది. మూర్ఛ ఉన్న కుక్కకు నేను వాటిని రాయను. మెడ వెనక చర్మం మీద వేసే ఫిప్రోనిల్ వాడి, గోడల పగుళ్లు, కట్టేసే చోటు శుభ్రం చేయించండి. పత్తికి కొట్టే మందు నీళ్లలో కలిపి కుక్కకు పూయడం, కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాయడం, రెండూ ప్రమాదమే. మొదటిది విషం, రెండోదాన్ని కుక్క నాకితే కర్పూరమే ఫిట్స్ తెప్పిస్తుంది. గోమార్ల జ్వరం వచ్చి డాక్సీసైక్లిన్ రాయవలసి వస్తే ఫినోబార్బిటోన్ దాన్ని త్వరగా అరిగించేస్తుందన్న సంగతి వైద్యునికి గుర్తు చేయండి. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, ట్రామడాల్ అనే నొప్పి మందు వంటివి రాసేముందు కూడా ఆయనకు మీ కుక్క మూర్ఛ గురించి తెలిసి ఉండాలి.

ప్రశ్న: మా ప్రాంతం ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడింది. కుక్క ఫిట్స్‌కు ఆ నీళ్లే కారణమా?
— మర్రిగూడ

జవాబు: కాదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పశువుల్లో, కుక్కల్లో దెబ్బతినేవి పళ్లూ ఎముకలూ. కుక్కకు మంచినీళ్లు పెట్టడం ఎలాగూ మంచిదే, కానీ నీళ్లు మార్చి మందు ఆపకండి.

ప్రశ్న: కొబ్బరినూనె రోజూ పోస్తే మూర్ఛ తగ్గుతుందని విన్నాం. మా ఆడకుక్కకు ఎదకు వచ్చినప్పుడల్లా ఫిట్స్ ఎక్కువవుతున్నాయి. ఒక్క ఈత అయ్యాక తగ్గుతుందంటున్నారు.
— గద్వాల

జవాబు: మధ్యస్థ పొడవు కొవ్వు ఆమ్లాలతో చేసిన ప్రత్యేక ఆహారం కొన్ని మూర్ఛ కుక్కల్లో ఫిట్స్‌ను తగ్గించినట్టు 2015లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. అది మందులతోపాటు ఇచ్చిన ఆహారం, మందులకు బదులు కాదు. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. ఆ ఆహారంలో పనిచేసేవిగా భావించే ఆమ్లాలు ఇందులో కొద్దిపాటే. గరిటెలతో పోస్తే విరేచనాలు, క్లోమం వాపు వస్తాయి.

ఈత వేయించడం మాత్రం దయచేసి వద్దు. ఇది వంశపారంపర్యంగా సంక్రమించే అవకాశమున్న జబ్బు. పైగా పాలిచ్చే రోజుల్లో కాల్షియం పడిపోయి వచ్చే ఫిట్స్ వేరే ఉంటాయి, రెండూ కలిస్తే తల్లికే ప్రమాదం. మందు స్థిరపడ్డాక, ఎద లేని సమయంలో గర్భాశయం, అండాశయాలు తీసే శస్త్రచికిత్స చేయించండి. మత్తు ఇచ్చే రోజున కూడా ఉదయం మూర్ఛ మాత్ర మానేయకూడదని ముందుగా చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా కుక్కకు పదకొండేళ్లు, ఎన్నడూ లేనిది ఈ రెండు నెలల్లో మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఫినోబార్బిటోన్ మొదలుపెట్టినా, ఒకే దిక్కుకు గుండ్రంగా తిరుగుతోంది, ఒక మూలకు తల ఆనించి నిలబడుతోంది. ఈ వయసులో దాన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు, నిద్రపుచ్చేద్దామని పిల్లలు అంటున్నారు. మేమిద్దరం విశ్రాంత ఉపాధ్యాయులం, ఏం చేయాలో తోచడం లేదు.
— వనపర్తి

జవాబు: ఆరేడేళ్లు దాటాక మొదటిసారి వచ్చే ఫిట్స్‌ను చిన్న వయసులో వచ్చే మూర్ఛతో సమానంగా చూడలేం. మెదడులో గడ్డ, మూత్రపిండాల జబ్బు, కాలేయ జబ్బు, రక్తపోటు, క్లోమంలోని కణితి వల్ల చక్కెర పడిపోవడం వంటి కారణాలు వెతకాలి. ఫిట్స్ లేని సమయంలో కూడా గుండ్రంగా తిరగడం, తల ఆనించి నిలబడడం ఉన్నాయంటే మెదడులోనే ఏదో ఉందన్న అనుమానం బలపడుతుంది. కాలేయం పూర్తిగా దెబ్బతిన్నా ఇలాగే చేస్తుంది కనుక రక్తపరీక్ష ముందు. ఖాళీ కడుపున చక్కెర, కాలేయం, మూత్రపిండాలు, రక్తపోటు మీ జిల్లాలోనే చూపించండి. కాలేయం దెబ్బతిన్నట్టు తేలితే ఫినోబార్బిటోన్ తగదు. లెవెటిరాసెటామ్‌కు మార్చవలసి ఉంటుంది. మీరు ఇంట్లోనే ఉంటారు కాబట్టి రోజుకు మూడు పూటల మందు మీకు కష్టం కాదు.

మెదడు స్కానింగు చేయించాలా అన్నది వేరే నిర్ణయం. దానికి పూర్తి మత్తు ఇవ్వాలి, ఖర్చు ఎక్కువ, గడ్డ అని తేలినా శస్త్రచికిత్స మనకు అందుబాటులో ఉన్న చోట్లు అతి కొద్ది. చికిత్స మారేట్టు లేకపోతే స్కానింగు తప్పనిసరి అని నేను అనను. స్టెరాయిడ్ ఇస్తే గడ్డ చుట్టూ వాపు తగ్గి కొన్ని వారాలో, నెలలో హాయిగా గడిపిన కుక్కలున్నాయి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లదలిస్తే జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా పొద్దున్నే బయలుదేరండి. ఎండలో ప్రయాణం వద్దు. బయలుదేరే ముందు ఆ పూట మాత్ర వేయండి, నీళ్ల సీసా, తడి గుడ్డ వెంట ఉంచండి.

నిద్రపుచ్చాలా అన్నదానికి పిల్లల మీద గానీ, మీ మీద గానీ తప్పు మోపను. మీరిద్దరూ బడిలో హాజరుపట్టీ రాసినవారే కనుక ఒక నోటుబుక్కు తీసి తేదీలు వేసి, ప్రతి రాత్రి ఆ రోజు అది తానుగా లేచి తిన్నదా, మిమ్మల్ని గుర్తుపట్టి తోక ఊపిందా, తాను పడుకునే చోట మలమూత్రాలు చేసుకుందా, ఫిట్స్ వస్తే ఎన్ని నిమిషాలు ఉన్నాయి అన్న నాలుగు విషయాలు రాయండి. కొత్త మందు మొదలుపెట్టాక మూడు వారాలు రాసి, ఆ పుస్తకాన్నీ ఫోనులోని వీడియోలనూ మీ వైద్యుని ముందు పెట్టండి. చెడ్డ రోజులు మంచి రోజులను మించిపోయినట్టు ఆ పేజీల్లో కనిపిస్తే, ఇంటి దగ్గరే, దానికి అలవాటైన చోటనే ఆ పని చేయగలరా అని ఆయనను అడగండి. ఆ రోజు వరకు మాత్ర వేళ తప్పించకండి.